పై గది నుంచి హాల్లోకి: ఇంట్లో కంప్యూటర్ల మధ్య సినిమా ఆగకుండా ఆడించడానికి పడ్డ పాట్లు

మాది కింద, పైన రెండు అంతస్తుల ఇల్లు. పై గదిలో డెస్క్‌టాప్ ఉంది. సినిమాలు, పాటలు, ఇంట్లో తీసుకున్న వీడియోలు అన్నీ దాని హార్డ్‌డిస్కులోనే ఉంటాయి. కింద హాల్లో టీవీకి ఒక చిన్న కంప్యూటర్ తగిలించాం. అమ్మావాళ్ల గదిలో లాప్‌టాప్ ఉంది. ఏదైనా చూడాలంటే పెన్‌డ్రైవులో ఎక్కించుకుని కిందికి దిగడం అలవాటైపోయింది. 4కె ఫైళ్లు వచ్చాక ఆ దారీ మూసుకుపోయింది. ఒక్కో ఫైలు 60 జీబీ దాకా ఉంటోంది, కాపీ అయ్యేసరికి చూడాలన్న సరదా కాస్తా పోతోంది. పైగా పెన్‌డ్రైవు ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అసలు ఎక్కనే ఎక్కదు.

పైనున్న డెస్క్‌టాప్ నుంచి నేరుగా కింది టీవీలో ఆడించాలని నవంబరు మొదట్లో మొదలుపెట్టాను. అంతా కుదురుకునేసరికి జనవరి నెలాఖరైంది. అందులో నేను పని చేసిన సమయం తక్కువ, ఎదురుచూసిన సమయం ఎక్కువ.

మొదటి ఏర్పాటు చాలా సులువుగానే అయింది. డెస్క్‌టాప్‌లో జెల్లీఫిన్ వేశాను, ఒక కంప్యూటర్‌లోని వీడియోల్ని ఇంట్లో మిగతా తెరల మీద ఆడించే ఉచిత ప్రోగ్రాం అది. వీడియోలున్న ఫోల్డరు చూపించాను, కింది కంప్యూటర్‌లో బ్రౌజరు తెరిచి డెస్క్‌టాప్ అడ్రసు, 8096 పోర్టు కొట్టాను. పోస్టర్లతో సహా అన్నీ వరసగా కనిపించాయి. రెండు కంప్యూటర్లూ వైఫై మీదే ఉన్నాయి. మామూలు హెచ్‌డీ సినిమా ఒకటి మొదలుపెడితే చివరిదాకా ఎక్కడా ఆగలేదు. ఆ రాత్రి పడుకునేటప్పుడు పని అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు నాన్న 4కె సినిమా పెట్టుకున్నారు. పది నిమిషాలు ఆడింది, ఆగింది, చక్రం తిరిగింది, మళ్లీ ఆడింది. ఫైటు వచ్చినప్పుడల్లా ఆగుతోంది. "ఏరా, పెన్‌డ్రైవే నయం కదరా" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు కానీ నాకు మాత్రం చాలా కష్టంగా అనిపించింది. ఆయన కోసమే మొదలుపెట్టిన పని అది.

ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకు ఫోన్ చేస్తే ఇంకా పెద్ద ప్లానుకు మారమన్నారు. ఒప్పుకునే ముందు ఒక పరీక్ష చేశాను, ఇది ఎవరైనా చేసుకోవచ్చు. బయటి నుంచి రౌటర్‌లోకి వచ్చే ఇంటర్నెట్ వైరు పీకేసి, అదే సినిమా మళ్లీ పెట్టాను. సినిమా ఆడింది, ఇంతకు ముందులాగే ఆగుతూ ఆడింది. అంటే సినిమా ఇంట్లోంచి ఇంట్లోకే వెళ్తోంది, గడప దాటడం లేదు. అలాంటప్పుడు ఎంత పెద్ద ప్లాను తీసుకున్నా ఈ ఆగడంలో మార్పేమీ ఉండదు. ఆ పరీక్ష చేయకపోతే నెలనెలా ఊరికే డబ్బు కట్టేవాణ్ణి.

అప్పుడు లెక్కలు వేసుకుని కూర్చున్నాను. 60 జీబీ ఫైలు, రెండు గంటల నిడివి. బైటును బిట్లలోకి మార్చాలంటే 8తో హెచ్చించాలి కాబట్టి 480 గిగాబిట్లు. దాన్ని 7200 సెకన్లతో భాగిస్తే సెకనుకు దాదాపు 67 మెగాబిట్లు (ఎంబీపీఎస్). అది సగటు. కదలిక ఎక్కువగా ఉన్న చోట అదే ఫైలు 100 దాటుతుంది. 4కె బ్లూరే డిస్కుకు గరిష్ఠ వేగం 128 ఎంబీపీఎస్. మామూలు బ్లూరేలో వీడియో 40 ఎంబీపీఎస్‌ను మించదు. హెచ్‌డీ సినిమా హాయిగా ఆడి 4కె ఎందుకు ఆగిందో, అదీ ఫైట్లలోనే ఎందుకు ఆగిందో ఈ లెక్కతోనే అర్థమైంది.

ఇక ఇంట్లో అసలు ఎంత వేగం వస్తోందో తెలియాలి. ఐపెర్ఫ్3 అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ఒక కంప్యూటర్‌లో దాన్ని సర్వర్‌గా పెట్టి, రెండోదాని నుంచి నడిపిస్తే రెండింటి మధ్య నిజంగా ఎంత డేటా పారుతోందో సెకను సెకనుకీ చూపిస్తుంది. మా రౌటర్ పెట్టె మీద 1200 అని పెద్ద అక్షరాలతో ఉంది. ఐపెర్ఫ్ చూపించింది 70 ఎంబీపీఎస్, 85, 40, మళ్లీ 75. రాత్రిపూట ఒకసారి 30కి కూడా పడింది. ఆ అంకెలు చూస్తుంటే కోపం వచ్చింది.

ఆ 1200 ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 867, రెండూ కలిపి, పైకి సరిచేసి 1200 అని వేస్తారు. ఏ కంప్యూటరూ మామూలుగా రెండు బ్యాండ్లనీ కలిపి వాడుకోదు. ఆ 867 కూడా రౌటర్ పక్కనే కూర్చుంటే కాగితం మీద వచ్చే అంకె, చేతికి వచ్చేది అందులో సగమో, కాస్త ఎక్కువో. మా ఇంట్లో మధ్యన కాంక్రీటు శ్లాబు ఉంది. 5 గిగాహెర్ట్జ్ దాన్ని దాటేసరికి నీరసపడిపోతోంది. పై డెస్క్‌టాప్ ఒక్కోసారి తనంతట తానే 2.4కి మారిపోతోంది. ఆ బ్యాండులో ఒకదానితో ఒకటి తగలని ఛానళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరూ వాటిలోనే సర్దుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి. రెండు కంప్యూటర్లూ వైఫై మీద ఉంటే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణం చేయాలి: డెస్క్‌టాప్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి ఇంకోసారి. వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారికి ఒకరే మాట్లాడాలి. కాబట్టి ఉన్న సమయం రెండు ముక్కలవుతుంది. పరీక్షగా టీవీ కంప్యూటర్‌ని ఒక పొట్టి కేబుల్‌తో హాల్లోని రౌటర్‌కి కలిపాను. అంతే, వేగం 160 - 180 మధ్యకు వచ్చింది. కొత్తగా ఏమీ కొనలేదు, ఆ కేబుల్ రౌటర్ పెట్టెలో వచ్చిందే. ఈ విషయంలో ఇబ్బంది పడుతున్నవాళ్లు ఇంకే ఖర్చూ పెట్టకముందు ఇది చేసి చూడాలని గట్టిగా చెబుతాను. చాలామందికి ఇక్కడితోనే సమస్య తీరిపోవచ్చు.

మాకు మాత్రం పగలు తీరింది, సాయంత్రం తీరలేదు. రాత్రి ఎనిమిది తర్వాత, సరిగ్గా అందరూ టీవీ ముందు కూర్చునే వేళకే వేగం పడిపోయేది.

డిసెంబరు మొదటి వారమంతా ఏది కొనాలా అన్న ఆలోచనతోనే గడిచింది. మెష్ వైఫై చూశాను, ఇంట్లో అక్కడక్కడా పెట్టిన డబ్బాలు కలిసి ఒకే వైఫైగా పనిచేస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ రెండు మెష్ డబ్బాలు ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకుంటే మళ్లీ అదే శ్లాబు, అదే ఇబ్బంది. ఆ సంభాషణకు విడిగా ఒక రేడియో ఉన్న మోడళ్లు నయమే కానీ వాటి ధర నేను అనుకున్నదానికి ఎంతో పైన ఉంది. టీవీకి వేసిన పాత కోయాక్స్ కేబుల్ గోడల్లో ఉన్నవాళ్లకు, దాని మీదే డేటా పంపే మోకా అడాప్టర్లు మంచి దారి, మా ఇంట్లో ఆ కేబుల్ లేదు.

మిగిలింది పవర్‌లైన్. కరెంటు వైర్ల మీదే డేటా పంపే అడాప్టర్ల జత ఒక స్నేహితుడి దగ్గర ఊరికే పడి ఉంటే అడిగి తెచ్చాను. గోడలు పగలగొట్టక్కర్లేదు కదా అని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. పెట్టె మీద 1000 అని ఉంది. గోడ సాకెట్లో నేరుగా పెడితే 90 వచ్చింది. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే 20కి పడిపోయింది. ఆ బోర్డులో ఉండే ఫిల్టరు కరెంటులోని చిల్లర విద్యుత్ అలజడితో పాటు మన డేటాను కూడా ఆపేస్తుందట. వాషింగ్ మెషీన్ తిరగడం మొదలైతే 90 కాస్తా 50. మీ ఇంటి వైరింగు వేరు, మా ఇంటి వైరింగు వేరు, మీకు బాగా పనిచేయవచ్చు. అందుకే కొనే ముందు ఎవరి దగ్గరైనా తెచ్చుకుని, మీ సాకెట్లలోనే కొలిచి చూసుకోవాలి. వాటిని తిరిగి ఇచ్చేసి వచ్చిన రోజు మనసు బాగా దిగులుపడింది. ఇక గోడలోంచి వైరు లాగడం తప్ప దారి లేదని తేలిపోయింది. గోడల జోలికి వెళ్లడం అమ్మకు సుతరామూ ఇష్టం లేదు.

అయినా ఒప్పుకుంది. ఒకటే షరతు, గోడకు కొత్తగా గాడి కొట్టకూడదు.

కేబుల్ ఎంచుకోవడానికి కాస్త చదవాల్సి వచ్చింది. క్యాట్ 5ఈ రకం నెట్ కేబుల్ కూడా 100 మీటర్ల దాకా గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. క్యాట్ 6 అయితే 55 మీటర్ల దాకా 10 గిగాబిట్లు మోస్తుంది. రెంటి మధ్య ధరలో తేడా స్వల్పమే. ఎలాగూ ఒక్కసారే లాగుతాం కాబట్టి క్యాట్ 6 తీసుకున్నాను. క్యాట్ 7, క్యాట్ 8 అని అమ్మేవి ఇంటికి అక్కర్లేదు, డబ్బు దండగ. జాగ్రత్తపడాల్సింది అసలు వేరే చోట. అల్యూమినియం మీద రాగి పూత వేసిన కేబుల్ చాలా చవగ్గా దొరుకుతుంది. అది త్వరగా విరుగుతుంది, దూరం వెళ్లేకొద్దీ బలహీనపడుతుంది. మొదట ఆర్డరిచ్చిన చుట్ట వచ్చాక ఒక తీగను చాకు మొనతో గీకి చూశాను. ఎర్రగా ఉన్న పై పొర లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. పెట్టె మీద మాత్రం రాగి అని ఉంది. వెంటనే తిప్పి పంపాను. ఆ డబ్బు వెనక్కి రావడానికే దాదాపు పది రోజులు పట్టింది. రెండో చుట్ట వేరే చోట తీసుకున్నాను, గీకితే అడుగుదాకా ఎర్రగానే ఉంది.

ఎలక్ట్రీషియన్ కోసం ఇంకో వారం పైనే ఆగాల్సి వచ్చింది. వచ్చినాయన నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. పై గదికి పోయే కరెంటు పైపులోంచే లాగేద్దాం సార్, గంటలో అయిపోతుందన్నాడు. వద్దన్నాను. కరెంటు వైర్లతో ఒకే పైపులో నెట్ కేబుల్ పోనివ్వకూడదు. కరెంటు వైరు ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతింటే ఆ వోల్టేజి కంప్యూటర్ దాకా, దాన్ని ముట్టుకున్న మనిషి దాకా వస్తుంది. డేటా వేగం సంగతి ఆ తర్వాత. పాత ల్యాండ్‌లైన్ ఫోను కోసం ఇల్లు కట్టినప్పుడు వేసిన పైపు ఒకటి ఉందని నాన్న గుర్తుచేశారు. ఆ పెట్టె మూతకు రంగు వేసేసి ఉంది, ఎక్కడుందో గోడ మీద తట్టి వెతికాం. పై చివర నుంచి స్టీలు స్ప్రింగు దూరిస్తే సగం దాకా వెళ్లి ఆగిపోయింది, వంపు దగ్గర సిమెంటు గడ్డ కట్టింది. కింది నుంచి, పై నుంచి మార్చిమార్చి పొడిచి, చివరికి పాత ఫోను తీగకే కొత్త కేబుల్ కట్టి, నేను పై నుంచి తోస్తూ ఆయన కింది నుంచి లాగుతూ బయటికి తెచ్చాం. కేబుల్ కొస కనిపించగానే అమ్మ మా ఇద్దరికన్నా ఎక్కువ సంతోషించింది. గోడకు గీత పడలేదు.

ఒక కేబుల్‌కి బదులు రెండు లాగించాను. కూలిలో మార్పేమీ లేదు, ఇంకో కేబుల్ ముక్క ఖర్చు మాత్రమే. ఎప్పుడైనా ఒకటి చెడిపోతే మళ్లీ ఈ తతంగమంతా పడక్కర్లేదు.

చివర్లకు ప్లగ్గులు ఆయనే కొట్టాడు. పైన డెస్క్‌టాప్, కింద రౌటర్ కలిపాం. లైటు వెలిగింది, ఇంటర్నెట్ వచ్చింది, ఆయన డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఐపెర్ఫ్ నడిపితే 94. ఇన్ని వారాలు ఆగి, ఇంత ఖర్చు పెట్టి, వైఫై కన్నా తక్కువ! కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

కాసేపటికి ఆ అంకే దారి చూపించింది. 94 అంటే 100 ఎంబీపీఎస్ లింకు మీద చేతికి వచ్చే వేగం. నెట్‌వర్క్ సెట్టింగుల్లో చూస్తే లింకు స్పీడు 100 అనే ఉంది. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఒక్క తీగ అందకపోయినా చాలా కార్డులు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతుంది, అన్నీ పనిచేస్తాయి, లోపం పైకి కనిపించదు. పై ప్లగ్గును వెలుతురుకి ఎదురుగా పెట్టి చూశాను. పారదర్శకంగా ఉండే ఆ ప్లగ్గు ముందు గోడకు ఎనిమిది రాగి కొసలూ తగులుతూ కనిపించాలి. ఏడు తగులుతున్నాయి, గోధుమరంగు తీగ ఒక్కటి కాస్త వెనకే ఆగిపోయింది.

ప్లగ్గును కేబుల్‌కి నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ తెప్పించి నేనే మళ్లీ కొట్టాను. ప్లగ్గు కత్తిరించి, పై తొడుగు వేలి వెడల్పున ఒలిచి, జతల మెలికలు విప్పి, తీగల్ని వేళ్లతో నిమిరి తిన్నగా చేసి వరసలో పెట్టాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొసలన్నీ ఒక్క కోతలో సమంగా కత్తిరించి, వరస చెదరకుండా ప్లగ్గులోకి గట్టిగా తోయాలి. మెలిక అవసరమైనంత మేరకే విప్పాలి, ఆ మెలికే బయటి జోక్యం నుంచి సిగ్నల్‌ని కాపాడుతుంది. పై తొడుగు కూడా ప్లగ్గు లోపలికి వచ్చేలా చూసుకోవాలి, లేకపోతే కేబుల్ లాగినప్పుడు ఆ బరువంతా తీగల మీదే పడుతుంది.

కలిపాను. 941. ఆ అంకె అలాగే నిలబడి ఉంది, పదో సెకనుకీ 941. ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను. వాళ్లకు అందులో ఏముందో తెలియకపోయినా నా మొహం చూసి నవ్వారు.

ఆ సాయంత్రం నాన్న అదే సినిమా మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని పూర్తిగా చూశారు.

నెట్‌వర్కు కుదిరాక ఇంకో రెండు చిక్కులు బయటపడ్డాయి. లాప్‌టాప్ సిగ్నల్ కోసం ఇంకో పాత రౌటర్‌ని పైన స్విచ్‌కి (ఒక కేబుల్‌ని కొన్ని పరికరాలకు పంచే పెట్టె) కలిపాను. దాని వాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ వైరు కోసం ఉండేది) కేబుల్ పెడితే అది తనకంటూ వేరే నెట్‌వర్కు తెరిచి కూర్చుంటుంది. ఇంటర్నెట్ వస్తుంది కానీ దాని కిందున్న కంప్యూటర్లు కింది టీవీకి కనిపించవు. కేబుల్‌ని లాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాల కోసం ఉండేది) పెట్టి, ఆ రౌటర్‌లో పరికరాలకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, దానికి మొదటి రౌటర్ అడ్రసుతో తగలని అడ్రసు ఇవ్వాలి. కొన్నింటిలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒకటే మీట ఉంటుంది, అది నొక్కితే చాలు. గెస్ట్ వైఫైలో ఉన్న పరికరాలకు కూడా మిగతా ఇల్లు కనిపించదు, అది కావాలని పెట్టిన కట్టడి. విండోస్‌లో నెట్‌వర్కు పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కు మార్చుకోవాలి.

రెండో చిక్కు అమ్మది. సబ్‌టైటిల్స్ పెట్టగానే లాప్‌టాప్‌లో సినిమా నత్తనడక నడిచేది, తీసేస్తే మామూలుగా ఆడేది. నెట్‌వర్కు మీద అనుమానపడి మళ్లీ కొలిచాను, దాని తప్పేమీ లేదు. జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డులో చూస్తే ట్రాన్స్‌కోడింగ్ అని వస్తోంది, డెస్క్‌టాప్ ప్రాసెసర్ నూటికి నూరు శాతం మీద ఉంది. బ్లూరే నుంచి వచ్చే సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. బ్రౌజరు వాటిని చూపించలేకపోతే సర్వర్ ప్రతి ఫ్రేమ్ మీదా వాటిని అచ్చేసి, వీడియో మొత్తం మళ్లీ కొత్తగా తయారుచేసి పంపాలి. అక్షరాల రూపంలో ఉండే ఎస్ఆర్‌టీ ఫైలు పక్కన పెడితే ఆ బాధ లేదు. ఫైలును ఉన్నదున్నట్టు ఆడించగల కోడి (Kodi) లాంటి ప్లేయర్ ప్రోగ్రాం వాడినా ఆ బాధ పోతుంది. అమ్మ లాప్‌టాప్‌లో కోడి పెట్టాను. అప్పటి నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్ మీద బరువే పడటం లేదు.

టీవీలోనే యాప్ ఉంది కదా, మధ్యలో చిన్న కంప్యూటర్ ఎందుకని కొందరు అడిగారు. చాలా టీవీల్లాగే మాదాని వెనకున్న నెట్ పోర్టు కూడా 100 ఎంబీపీఎస్‌దే. గోడలోంచి గిగాబిట్ తెచ్చినా ఆ పోర్టు దగ్గర మళ్లీ 94కి వస్తుంది. అలాంటి టీవీకి 5 గిగాహెర్ట్జ్ వైఫై మంచిగా అందుతుంటే, కేబుల్ కన్నా అదే వేగంగా ఉండే అవకాశం ఉంది.

ఖర్చు విషయానికొస్తే సగానికి పైగా ఎలక్ట్రీషియన్ కూలికే పోయింది. తర్వాతి స్థానం కేబుల్‌ది. ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్, క్రింపింగ్ టూల్, ప్లగ్గుల పొట్లం మూడూ కలిపినా కేబుల్ చుట్ట ధర కాలేదు. మొత్తం లెక్క చూస్తే నేను ధర చూసి వదిలేసిన, విడి రేడియో ఉన్న మెష్ కన్నా తక్కువే అయింది. ఉన్న రౌటర్‌ని మార్చలేదు, ఇంటర్నెట్ ప్లాను మార్చలేదు.

డెస్క్‌టాప్ అడ్రసు మారిపోకుండా రౌటర్‌లో రిజర్వ్ చేశాను, అది నిద్రలోకి జారకుండా స్లీప్ ఆపేశాను. చాలాసేపు వాడకపోతే హార్డ్‌డిస్కు తిరగడం మానేస్తుంది, అప్పుడు సినిమా మొదలవడానికి ఏడెనిమిది సెకన్లు పడుతుంది. నాన్నకు ముందే చెప్పి ఉంచాను, కంగారుపడి రిమోటు మీటలన్నీ నొక్కకుండా ఆగుతున్నారు. 2.5 గిగాబిట్‌కు మారమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఇప్పుడున్న 941లోనే గరిష్ఠంగా 128 తినే సినిమాలు ఏడు ఒకేసారి ఆడతాయి, మా ఇంట్లో ఉన్నవి మూడు తెరలు. రెండో కేబుల్ కొసలు టేపు చుట్టి పాత ఫోను పెట్టెలోనే ఉంచాను. మెట్ల దగ్గర కొత్త యాక్సెస్ పాయింట్ పెట్టాల్సి వస్తే దానికి పనికొస్తుంది.